గిరిజ ఓడిపోయిన ఒక్క తగువు

బాతెల్ ఊళ్ళో కొండమీది అపార్ట్‌మెంట్ ఆఫీసులో ఆ రోజు గిరిజ కుర్చీలోంచి లేవనంటే లేవనంది. ఏడో నెల కడుపు, ఒళ్ళో మరమరాల పొట్లం, చేతిలో అద్దె కాగితాలు. ఎదురుగా మేనేజరు. తాటిచెట్టంత మనిషి, నవ్వుతూనే కుదరదంటున్నాడు.

పార్సిల్ తెచ్చుకుందామని వెళ్ళిన వసంతలక్ష్మమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె చదివింది మూడో తరగతి, అదీ సగమే. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా తగువు చూసి ఎవరు గెలుస్తారో చెప్పడానికి భాష ఎందుకని ఆమె ధీమా. గుడివాడ కూరగాయల బజారులో ముప్పై ఏళ్ళు బేరాలాడిన నోరు మరి.

మెట్లమీద చల్లడానికి ఉప్పు కావాలని గిరిజ అడుగుతోంది. ఇక్కడ చలికాలమంటే వానే, మంచు ఏడాదికోసారి పడితే పడుతుంది, రెండు రోజుల్లో కరుగుతుంది, దానికోసం బస్తాలు కొనిపెట్టుకోము అని అతను. మంచు పడకపోతే ఉప్పు ఎక్కడికీ పోదు, పడితే పోయేది నేనూ నా కడుపులో బిడ్డా అని గిరిజ. మెట్లు జారకుండా చూసే పూచీ మీదేనని రాసినచోట వేలు పెట్టి చూపించింది. అతను చదివాడు. మళ్ళీ చదివాడు. గిరిజ ఒక్కొక్క మరమరమే నములుతూ కూర్చుంది. మూడింటికి వెళ్ళిన మనిషి ఐదింటికి లేచింది. అదీ అతని చేతే రెండు బస్తాలు మెట్లకింద పెట్టించాక.

బయటికొచ్చాక ఈ మాటలన్నీ గిరిజే తెలుగులో అప్పజెప్పి, "వాడి మొహం చూశారా ఆంటీ," అంది.

"ఆంటీ ఏమిటే? నేనేమన్నా గౌను తొడుక్కున్నానా? పిన్నీ అను."

"సరే పిన్నీ. మీ మెట్లకి కూడా చల్లుతాలెండి. మీరు జారిపడితే ఇంకో పిన్నిని ఎక్కడ వెతుక్కోను?"

ఇలా పరిచయమైంది ఆ పిల్ల. కింది ఇల్లు గిరిజ వాళ్ళది, పై ఇల్లు వసంతలక్ష్మమ్మ కూతురు రాధారాణిది.

గిరిజ పుట్టింది రేపల్లెలో. తండ్రికి సైకిల్ షాపు. ట్యూబులకి పంక్చర్లు అంటిస్తూనే బి.ఫార్మసీ చదివిందట. ఆ చేతులు చూస్తే ఎవరైనా నమ్ముతారు, ఏ పనైనా వాటికి లొంగాల్సిందే. శ్రీహర్షని చేసుకుని శాంటా క్లారా వచ్చింది, నాలుగేళ్ళు అక్కడే ఉంది. అతని ఉద్యోగం మారి రెండువేల పదకొండు సెప్టెంబరులో బాతెల్ చేరారు. రేపల్లెలో మంచు లేదు, శాంటా క్లారాలో మంచు లేదు. సినిమాలో తప్ప మంచు ఎరగని పిల్ల.

ఎరగదు కాబట్టే అంత భయం. భయమేసినప్పుడు గిరిజ ఏడవదు, లిస్టు రాస్తుంది. కొవ్వొత్తులు, టార్చిలైట్లు, బకెట్లలో మంచినీళ్ళు, పాలపొడి, కరెంటు పోతే బాల్కనీలో వంట చేసుకోవడానికి బొగ్గుల పొయ్యి. చలికాలం జాగ్రత్తలని ఊరి ఆఫీసువాళ్ళు ఇంటింటికీ పంచిన కాగితం ఒకటి ఫ్రిజ్‌కి అంటించింది. కారు చక్రాలకి గొలుసులు కొనిపించి, వానలో, పార్కింగ్‌లో, మొగుణ్ణి కూర్చోబెట్టి తగిలించడం నేర్పింది. తను గొడుగు కింద నిలబడి చేతి గడియారం చూస్తుండేది.

"పంతొమ్మిది నిమిషాలు. మా నాన్న ఈపాటికి నాలుగు సైకిళ్ళు ఓవరాయిల్ చేసేవాడు."

"గిరీ, ఇక్కడ మంచే పడదంటున్నారు నా టీమ్‌లో," అని శ్రీహర్ష మూలిగేవాడు.

"వాళ్ళ పెళ్ళాలెవరూ డిసెంబరులో డెలివరీ కావట్లేదుగా. విప్పు. మళ్ళీ వెయ్యి."

కిటికీలన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టి, డప్పులా బిగించింది. చూడ్డానికి వెళ్ళిన వసంతలక్ష్మమ్మ గోటితో మీటి, "మంచు మీదికి యుద్ధానికి బయల్దేరినట్టుందే," అని నవ్వింది. గాలి చొరడానికి సూదిమొన సందు కూడా లేదని మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి అన్నం దిగదు.

గిరిజ లిస్టులో అన్నిటికంటే పైన రాసుకున్నది మాత్రం దొరకలేదు. అమ్మ. రేపల్లెలో ఉన్న తల్లికి వీసా రెండుసార్లు ఇవ్వనన్నారు. రెండోసారి ఆ కబురు ఫోనులో విన్న గిరిజ పైకొచ్చి, సోఫాలో కూలబడింది. అందరితో తగువేసుకునే పిల్లకి ఆ వీసా కిటికీ వెనకాల కూర్చున్నవాళ్ళతో తగువేసుకునే వీలు లేదు.

"నేను లేనూ?" అంది వసంతలక్ష్మమ్మ. "పదకొండు పురుళ్ళు పోసినదాన్ని. మీ అమ్మకంటే బాగానే చేస్తాను, కావలిస్తే ఆవిణ్ణే అడుగు."

చేసింది కూడా. డిసెంబరు ఇరవై ఏడున ఆడపిల్ల పుట్టింది, వానలో, మంచు రేణువు లేకుండా. దేదీప్య అని పేరు పెట్టుకున్నారు. వసంతలక్ష్మమ్మ రోజూ కిందికి దిగి తల్లికి నూనె మర్దనా చేసేది, మిరియాల చారు కాచేది, పసిదాన్ని కాళ్ళమీద వేసుకుని నలుగు పెట్టేది. మొదటిరోజు సాంబ్రాణి వెయ్యగానే నడవ గోడకున్న డబ్బా చెవులు పగిలేట్టు కూసింది. పొగకీ విషగాలికీ కలిపి ఒకటే డబ్బా, బ్యాటరీది అని శ్రీహర్ష చెప్పాడు. ఉపాయం ఆమెదే. తలస్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ దానికి తొడిగించింది. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది పోపు పెట్టేముందు చేసే పనే అది. రోజూ సాంబ్రాణి అవగానే లోపలినుంచి గిరిజ కేక వినపడేది. "పిన్నీ, టోపీ తీశారా?"

"తీశానే తల్లీ. నీకంటే నీ డబ్బా నయం, పొగొస్తేనే అరుస్తుంది."

జనవరి మూడోవారం మంచు రానే వచ్చింది. బుధవారమంతా దూదిలా పడింది. గిరిజ పిల్లని భుజాన వేసుకుని ప్లాస్టిక్ కాగితం వెనకనుంచి చూసి, "ఇంతేనా?" అంది. కొంచెం నిరాశ పడింది కూడా. శ్రీహర్ష చేత మెట్లకి ఉప్పు చల్లించింది, పై ఇంటి మెట్లతో సహా.

మర్నాడు పొద్దున పడింది మంచు కాదు, వాన. పడ్డది పడ్డట్టు గాజులా గడ్డకట్టిన వాన. కొమ్మలు విరిగి తీగలమీద పడ్డాయి, కరెంటు పోయింది. అక్కడి ఇళ్ళలో పొయ్యి కరెంటుదే, వెచ్చదనమూ కరెంటుదే. రాధారాణీ అల్లుడూ ముందురోజు ఆఫీసులకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. కొండ దిగే రోడ్డుకి అడ్డంగా పెద్ద చెట్టు పడింది. అంత సాధన చేసిన గొలుసులకి పని లేకుండా పోయింది.

మధ్యాహ్నం పన్నెండింటికి శ్రీహర్ష బూట్లు కట్టుకున్నాడు. "పిన్నిగారూ, కొండ కింద హోటల్‌లో పవర్ ఉందట. ఫోన్ ఎత్తట్లేదు. నడిచెళ్ళి రూమ్ బుక్ చేసి, రోడ్ ఎప్పుడు క్లియర్ చేస్తారో కనుక్కొస్తా. అంతవరకు వీళ్ళని చూసుకోండి."

"నువ్వు జారిపడకుండా నిన్ను చూసుకో. వీళ్ళ సంగతి నేను చూస్తా."

ఆమె చూసుకుంది.

ఒంటిగంటకి గదిలో ఊపిరి కంటికి కనిపించేంత చలి. పిల్ల పాదాలు ముట్టుకుంటే ఐసుముక్కలు. వసంతలక్ష్మమ్మ బాల్కనీలోకి వెళ్ళి బొగ్గుల పొయ్యి రాజేసింది. పొగంతా పోయి, బొగ్గులు ఎర్రగా కణకణలాడాక ఇనప మూకుట్లోకి ఎత్తి, గుడ్డతో పట్టుకుని లోపలికి తెచ్చింది.

గిరిజ లేచి కూర్చుంది. "వద్దు పిన్నీ. ఫ్రిజ్ మీది కాగితంలో ఉంది. బొగ్గులు ఇంట్లోకి తేవద్దని."

"ఆ కాగితం రాసినవాడు బాలింతా? మంచం కింద కుంపటి లేని పురుడు ఒక్కటి చూపించు నాకు. మా అమ్మ పెట్టింది, నేను పెట్టాను. పొగుంటే కదా భయం? ఏదీ పొగ?"

"పొగ కాదు పిన్నీ. గాలి ఒకటి ఉంటుంది. కనపడదు, వాసన రాదు."

"కనపడదూ, వాసనా రాదు. మరి ఉందని వాళ్ళకెవరు చెప్పారే?"

గిరిజకి నవ్వొచ్చింది. అయినా తల అడ్డంగా ఊపింది. అప్పుడు వసంతలక్ష్మమ్మ అనరాని మాట అంది.

"మీ అమ్మే వచ్చుంటే ఇలాగే ఎదురుచెప్పేదానివా?"

కాగితం పట్టుకుని తాటిచెట్టంత మనిషి మెడలు వంచిన పిల్ల, ఆ మాటకి తల వంచుకుంది. పసిదాని కాళ్ళు రెండూ గుప్పిట్లో పెట్టుకుని కాసేపు చూసింది. "తలుపన్నా కొంచెం తీసి ఉంచండి," అని గోడవైపు తిరిగి పడుకుంది.

వసంతలక్ష్మమ్మ మూకుడు మంచం కిందికి తోసింది. నిప్పులమీద చిటికెడు సాంబ్రాణి వేద్దామనుకుంది. డబ్బా కూయకుండా ముందు దానికి టోపీ తొడిగింది, వేసింది. గది కమ్మగా వెచ్చబడింది, పసిది కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. పైన ఇంకో కంబళి ఉందని గుర్తొచ్చి లేచింది. నడవలోంచి చలిగాలి కొడుతుంటే, బాలింతకి గాలి తగులుతుందని గది తలుపు మూసి మరీ వెళ్ళింది. మెట్లు ఎక్కుతుంటే తల దిమ్ముగా అనిపించింది. వయసనుకుంది. కంబళి ఒళ్ళో పెట్టుకుని సోఫాలో ఒక్క నిమిషం వాలింది.

ఆ పూట టోపీ తీశారా అని కింద అడిగేవాళ్ళు లేరు.

శ్రీహర్ష కేకకి ఆమె మెలకువలోకొచ్చేసరికి మూడున్నర. అంబులెన్సు చెట్టు దగ్గర ఆగిపోయింది. ఫైర్ వాళ్ళు నడిచి కొండెక్కారు. తల్లిని ఒకరు, పిల్లని ఒకరు ఎత్తుకుని పరుగున దిగారు. ఊరంతా గాజుపలకలా ఉన్న ఆ రోజున, గిరిజ పోట్లాడి తెప్పించిన ఉప్పు మీద ఒక్కరి కాలు కూడా జారలేదు.

గిరిజ బతికింది. ఇరవై నాలుగు రోజుల దేదీప్య బతకలేదు.

ఫైర్ ఆఫీసరు మూకుణ్ణి చూపించి ఏదో అడిగాడు. ఎవరు తెచ్చారని అడిగాడని తెలుసుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. శ్రీహర్ష వసంతలక్ష్మమ్మ వైపు చూశాడు. ఆమె నేల చూసింది. అతను ఆఫీసరు వైపు తిరిగి, మేమే అన్నాడు.

గుడివాడ ఇంట్లో పెంకుల మధ్యనుంచి ఆకాశం కనిపించేది. తలుపుకింద పిల్లి దూరేది. ఏ విషగాలైనా ఆ ఇంట్లో నిలిచేదెక్కడ? ఈ సంగతి ఆమెకి తట్టింది, పదో రోజున. తట్టి ఏం లాభం?

ఫిబ్రవరిలో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతమయితే అక్కడ ఇదే మాట. "బి.ఫార్మసీ చదివిందటండీ. కార్బన్ మోనాక్సైడ్ తెలీకపోవడమేంటి?" "ప్రిపరేషన్ అంటూ ఊరంతా హడావిడి చేసిందిగా." వసంతలక్ష్మమ్మ ప్రసాదం ఆకు చేతిలో పెట్టుకుని వింది. రాధారాణి, తల్లి మొహం చూసి, చూపు తిప్పేసుకుంది. డెబ్భై ఏళ్ళలో ఎవరి ముందూ మూతపడని నోరు ఆ రోజు మూతపడింది. ఆ మాటలు గిరిజదాకా వెళ్ళకుండా ఉంటాయా? వెళ్ళాయి. గిరిజ పైకి రావడం మానేసింది. వసంతలక్ష్మమ్మ చారు కాచి తీసుకెళ్తే శ్రీహర్ష గుమ్మంలోనే గిన్నె అందుకునేవాడు. మర్నాడు గిన్నె కడిగి మెట్టుమీద పెట్టి ఉండేది.

ఏప్రిల్‌లో వాళ్ళు తిరిగి శాంటా క్లారా వెళ్ళిపోతున్నారని తెలిసింది. సామాను ఎక్కిస్తున్న పొద్దున గిరిజే పైకొచ్చింది. సగానికి సగం అయిపోయింది మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో ఫ్రిజ్ మీది కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ మొహం చూసిన వసంతలక్ష్మమ్మ తిడితే బావుండునని ఎదురుచూసింది. కొడితే ఇంకా బావుండును.

"పిన్నీ, మీరొక పని చెయ్యాలి."

"చెప్పమ్మా."

"అక్టోబరొచ్చేసరికి ఇక్కడికి మళ్ళీ కొత్తవాళ్ళు వస్తారు. హైదరాబాదు నుంచో, మేం వచ్చినట్టు శాంటా క్లారా నుంచో. మంచు చూడనివాళ్ళు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. కాగితం ఇచ్చి రాకండి, కాగితం నా దగ్గర కూడా ఉంది. కూర్చుని మీ నోటితో చెప్పండి. నిప్పులు ఎవరు తెచ్చారో, డబ్బాకి టోపీ ఎవరు పెట్టారో, తలుపు ఎవరు మూశారో. నేను వద్దన్నానని చెప్పండి. తర్వాత ఊరుకున్నానని కూడా చెప్పండి. మీరు చెబితే వింటారు పిన్నీ. నేను విన్నానుగా."