బెల్టుకు కట్టిన కంకణం

మా తోడికోడలు నాగజ్యోతి అంత పిరికి మనిషిని నేను మార్కాపురం మొత్తంలో చూడలేదు. గ్యాస్ కట్టేసి గదిలోకి వస్తది, మళ్ళీ పోయి చూస్తది. పడుకోబోయే ముందు ఇంకోసారి చూస్తది. కుక్కర్ విజిల్ వేస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుంటది. ఇంక ఆటో ఎక్కిందంటే చూడాల్సిందే. బిడ్డని లోపలి పక్క కూర్చోబెట్టి, తన కాళ్ళు అడ్డం పెట్టి, కడ్డీ పట్టుకున్న చెయ్యి దిగేదాకా వదలదు. "ఏందే తల్లీ, ఆటోని నువ్వే మోస్తున్నావా ఏంది?" అని నేనే ఎన్నిసార్లు ఎగతాళి చేసినానో. నవ్వేది. నవ్వేదే గానీ చెయ్యి మాత్రం తీసేది కాదు.

నేను ఆ ఇంటికి పెద్దకోడలిని. నాకు నోరెక్కువని మా అత్త సుబ్బలక్ష్మమ్మ వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ చెప్తది. చెప్పుకోనీ, నాకేం? మాకు బజారులో పప్పుల దుకాణం ఉంది. నా మొగుడూ, మరిది ఫణికృష్ణా చూసుకుంటారు. జ్యోతి ఫణి భార్య, రాచర్ల పిల్ల. వాళ్ళ బిడ్డ పావనికి మూడేండ్లు నిండినాయి. జ్యోతికి ఒక తమ్ముడు ఉండేవాడనీ, పసితనంలోనే పోయినాడనీ పెళ్ళిచూపులప్పుడు చెప్పినారు. ఎట్ల పోయినాడో మేం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

మొన్న ఫణి కొత్త కారు తెచ్చినాడు. షోరూముకి అందరం పోయినాం. అక్కడి అబ్బాయి తలుపులు తీసి, మూసి, అన్నీ వివరంగా చెప్పినాడు. "ముందర సీటుకి ఎదురుగా ఈ డబ్బాలో బెలూన్ ఉంటది మేడమ్. కారు గుద్దుకుంటే ఠప్పున ఉబ్బుతది. బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్ళకి అది రక్ష. చిన్నపిల్లలు ముందర ఉంటే మాత్రం అదే వాళ్ళకి దెబ్బ. పిల్లల్ని వెనకాల, వాళ్ళ సీటులోనే కట్టి కూర్చోబెట్టాల" అన్నాడు. ఎవరు విన్నారు? ఫణి పాటలు ఎట్ల వస్తాయో నొక్కి చూస్తున్నాడు. మా అత్త సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు చింపొద్దని పోట్లాడుతున్నది. నేను రంగు బాగుందా లేదా అని చూస్తున్నా. జ్యోతి ఒక్కతే రెప్ప వెయ్యకుండా వినింది.

వారం తిరక్కముందే ఇంటికి పెద్ద పెట్టె వచ్చింది. అందులో పిల్లల సీటు ఉంది. మా అత్త దాని పట్టీలన్నీ లాగి చూసి, "బిడ్డని కుర్చీకి కట్టేస్తావటే? ఏం పాపం చేసిందే నా బంగారుతల్లి? నాయనమ్మ ఒడి కంటే భద్రమైన చోటుందా?" అని తీసకపోయి అటక మీద పెట్టించింది. మధ్యాన్నం అత్త కునుకు తీసేటప్పుడు జ్యోతి దాన్ని దించుకొని, కారు వెనక సీట్లో పెట్టి, ఫోన్లో చూసుకుంటా బిగించేది, మళ్ళీ విప్పేది. నేను కిటికీలోంచి చూసి నవ్వుకున్నా.

బండిపూజ నాడు అసలు కథ మొదలైంది. దసరాకి మా దుకాణంలో తక్కెడకి, తూకపు రాళ్ళకి, గల్లాపెట్టెకి, ఆఖరికి గోనెసంచులు కుట్టే దబ్బనానికి కూడా పసుపుదారం కట్టాల్సిందే. పనికొచ్చే ప్రతిదానికీ కంకణం కట్టాలంటది మా అత్త. స్టీరింగుకి కట్టింది. అద్దానికి కట్టింది. తర్వాత సీటుబెల్టుల దగ్గరికి పోయింది. "ప్రాణం కాపాడేది ఇదేనని ఆ షోరూము పిల్లోడు అన్నాడు గదా? మరి దీనికి కట్టకుంటే ఎట్ల?" అని ప్రతి బెల్టునీ మడిచి, పసుపుకొమ్ముతో కలిపి చుట్టి చుట్టి ముడులేసింది. ఎంత లాగినా బెల్టు రాదు. "మొదటి ప్రయాణం మహానందికి, అక్కడ స్వామి ముందర విప్పాల. అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దు. తెంచినారంటే అరిష్టం" అనింది.

బెల్టు పెట్టుకోకుంటే కారు కుయ్ కుయ్ మని మొత్తుకుంటది గదా! దానికీ ఫణి ఉపాయం కనిపెట్టినాడు. సామాన్ల అంగడిలో ఉత్త కొక్కేలు తెచ్చి బెల్టు పెట్టే సందుల్లో దూర్చినాడు. కారు నోరు మూసుకుంది.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది మా ఇంట్లో. కొత్త బండి మొదటి ప్రయాణంలో ఇంటి పెద్ద ముందర కూర్చొని, ఇంట్లో అందరికంటే చిన్నబిడ్డని ఒళ్ళో పెట్టుకోవాల. స్కూటరు వచ్చినప్పుడూ అట్లనే, సరుకుల ఆటో వచ్చినప్పుడూ అట్లనే.

బయలుదేరే పొద్దున నేను సంచులు సర్దుదామని డిక్కీ తీస్తే, దుప్పటి కింద ఏదో ఎత్తుగా కనపడింది. పిల్లల సీటు! పక్కన జ్యోతి నిలబడుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను దుప్పటి సరిగ్గా కప్పి డిక్కీ వేసేసినా.

నా మొగుడు దుకాణంలో ఉండిపోయినాడు. ఫణి బండి తోలుతున్నాడు. పక్కన మా అత్త, ఆమె ఒళ్ళో పావని. వెనకాల నేనూ జ్యోతీ. గిద్దలూరులో జ్యోతి వాళ్ళ అమ్మ గురమ్మ ఎక్కాల. ఊరు దాటినామో లేదో, జ్యోతి రెండు సీట్ల సందులోంచి చెయ్యి పెట్టి పావని గౌను అంచు పిడికిట్లో పట్టుకుంది. ముందర ఆటో కనపడితే పిడికిలి బిగిస్తది. బస్సు ఎదురైతే ఊపిరి ఆపుతది. ఆమె పక్కన కూర్చుంటే నేనూ ముందర సీటు అంచు పట్టుకున్నా. భయం కూడా అంటుకుంటదేమో!

కంభం దాటినాక గొర్రెల మంద రోడ్డు ఎక్కింది. ఫణి బ్రేకు వేసినాడు. పెద్ద బ్రేకేం కాదు. అయినా పావని అత్త ఒళ్ళోంచి జారి, నుదురు పోయి ముందర డబ్బాకి కొట్టుకుంది. కెవ్వుమనింది. సరిగ్గా ఆ అబ్బాయి బెలూన్ ఉంటదని చూపించిన చోటే.

"అయ్యో నా తల్లీ! ఏం కాలేదు, ఏం కాలేదు" అని అత్త నుదురు రుద్దుతున్నది.

"అత్తమ్మా, బిడ్డని వెనక్కి ఇయ్యండి" అనింది జ్యోతి. గొంతు ఆమెది లాగా లేదు.

"ఆనవాయితీ చెడగొడతావా? ఇంక గట్టిగా పట్టుకుంటాలే. ఊరికే బెదిరిపోతావేందే నువ్వు?"

"ఒక్క పూటే గదా జ్యోతీ" అన్నాడు ఫణి. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. "ఏం ఫణీ, నీ బిడ్డ నుదురు బొప్పి కట్టింది, కనపడలేదా?" అని అడిగినా. ఫణి గేరు మార్చినాడు. ముందర ఘాట్ రోడ్డు ఉంది. దిగువమెట్ట దాటితే అంతా అడవి, మలుపులు, లారీలు. జ్యోతి పిడికిట్లో గౌను అంచు తడిసిపోయింది.

గిద్దలూరులో గురమ్మ రోడ్డు పక్కన నిలబడుంది. ఉతికి దాచుకున్న పట్టుచీర, చేతిలో పూలసంచి. మహానంది పోవాలని ఎన్నాళ్ళుగానో కలవరిస్తున్న మనిషి. నవ్వుకుంటా వచ్చి, తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టింది. అప్పుడు ముందర సీటు చూసింది. కాలు వెనక్కి తీసుకుంది.

"ఎక్కు పిన్నీ" అన్నా నేను.

"నేనెక్కను."

"ఏంది వదినా, ఏమైంది?" అని మా అత్త తల బయటికి పెట్టింది.

గురమ్మ ముందర కిటికీ దగ్గరికి పోయింది. పావని తల మీద చెయ్యి పెట్టింది.

"మా చిన్నోడు మురళి గూడా ఇట్లనే కూర్చోనుండినాడు వదినా. రాచర్ల నుంచి జీపులో వస్తున్నాం. నేను ముందర, నా ఒళ్ళో వాడు. జ్యోతి వెనకాల. మేకలు అడ్డం వచ్చినాయని డ్రైవరు బ్రేకు కొట్టినాడు. నేను గట్టిగానే పట్టుకున్నా వదినా. ఈ రెండు చేతుల్తో గట్టిగానే పట్టుకున్నా. చేతులు చేతుల్లాగనే ఉన్నాయి. బిడ్డ లేడు. అద్దం పగలగొట్టుకొని రోడ్డు మీద పడినాడు."

జ్యోతి వైపు తిరిగినా. తల వంచుకొని ఉంది. ఎన్నేండ్లు ఎగతాళి చేసినాం ఈ పిల్లని! ఆటో కడ్డీ పట్టుకుంటే నవ్వినాం. ఛీ!

ఫణి వెనక్కి తిరిగినాడు. "సీటు అటక మీద ఉండిపాయె గదా..."

"డిక్కీలో ఉంది" అన్నా నేను.

"అది పెడితే వెనకాల ఒక చోటు పోతది. అందరం ఎట్ల పడతాం?"

"నా చోటు బిడ్డకియ్యి నాయనా" అనింది గురమ్మ. "నేను ఇంకెప్పుడన్నా పోతాలే."

మా అత్త నోరు తెరిచింది. "కంకణం తెంచితే..." అని ఆగింది.

జ్యోతి దిగింది. అత్త కిటికీ ముందర నిలబడింది. "అత్తమ్మా, నాకు మీరంటే భయం. స్వామి అంటే గూడా భయం. కానీ మా అమ్మ చేతులు చూసిన కాడి నుంచి నాకు ఇంకో భయం ఉంది. దాని ముందర ఇవన్నీ చిన్నవి" అనింది. వెనక సీటుకి పోయి, పసుపుదారాన్ని పళ్ళతో పట్టి లాగింది. మొదటిసారి తెగలేదు. రెండోసారి తెగింది. పెదవులంతా పసుపు.

నేను సీటు అందిచ్చినా. సీటు వెనక సందులోంచి బెల్టు దూర్చింది, ఉత్త కొక్కెం పీకి పారేసి దాన్ని క్లిక్కుమనేదాకా పెట్టింది, మోకాలు వేసి సీటుని అదిమి బెల్టు లాగింది. పట్టుకొని ఊపితే కారు ఊగింది గానీ సీటు కదల్లేదు. పావనిని కూర్చోబెట్టి భుజాల మీది పట్టీలు బిగించి, సందులో వేలు దూర్చి చూసుకుంది. ఆ మధ్యాన్నాలన్నీ ఏం నేర్చుకున్నదో నాకు అప్పుడర్థమైంది. పావని మాత్రం "నా కుర్చీ!" అని సంబరపడింది.

తర్వాత నా బెల్టు, తన బెల్టు, ఫణి బెల్టు. చివరికి అత్తది. అత్త ముఖం అటు తిప్పుకొని కూర్చుంది. జ్యోతి దారం తెంచి, బెల్టు లాగి పెట్టింది. అత్త వద్దనలేదు. కానీ ఖాళీ ఒడితో తొలి ప్రయాణం పోకూడదంట. పూజకి తెచ్చిన ఇత్తడి చెంబు, దాని మీద కొబ్బరికాయ, రెండూ ఒళ్ళో పెట్టుకొని రెండు చేతుల్తో చుట్టుకుంది.

గురమ్మ రోడ్డు పక్కనే నిలబడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే పూలసంచి ఇంకా చేతిలోనే ఉంది, మాకు ఇవ్వడం గూడా మర్చిపోయింది.

ఘాట్ రోడ్డు ఎక్కినాం. ఫణి నిదానంగానే పోతున్నాడు. ఎంత నిదానంగా పోతే మాత్రం ఏం? ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా చెడిపోయిన లారీ, దాని వెనకాల రోడ్డు మీద బండరాళ్ళు, విరిచి పడేసిన కొమ్మలు. ఫణి అరిచినాడు. బ్రేకు మీద నిలబడినాడు. బెల్టు నా ఛాతీని కోసేసినట్టు పట్టుకుంది. కళ్ళు మూసుకున్నా. ముందర ఢామ్మని చప్పుడైంది.

కారు ఆగింది. ఆ చప్పుడు ఏందో తెలుసుకోవాలంటే కళ్ళు తెరవాల. తెరవలేకపోయినా. దేవుడా దేవుడా అనుకుంటున్నా. అప్పుడు పక్కన పావని ఏడ్చింది. అంత తీయటి ఏడుపు నేనెప్పుడూ వినలేదు. బిడ్డ తన కుర్చీలో, పట్టీల మధ్య, ఎట్ల ఉండిందో అట్లనే ఉంది. జ్యోతి దాన్ని తల నుంచి కాళ్ళ దాకా తడుముతా, "ఉంది అక్కా, ఉంది" అంటున్నది.

కారు బండరాళ్ళకి తగలకుండానే ఆగింది గానీ, ముందర అద్దం చెంబు తగిలిన చోట పగిలి, పగుళ్ళు అంచుల దాకా పాకినాయి. చెంబు సొట్టపోయి కింద పడుంది. కొబ్బరికాయ చెక్కలై, నీళ్ళు అద్దం మీంచి కారుతున్నాయి.

అత్తకి దెబ్బ తగల్లేదు. బెల్టు ఆమెని సీటుకి అదిమిపట్టింది. రెండు చేతులు మాత్రం చెంబుని చుట్టుకున్నట్టు గుండ్రంగా అట్లనే ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. ఆ చేతుల్ని చూస్తా, పగిలిన అద్దాన్ని చూస్తా, మళ్ళీ చేతుల్ని చూస్తా కూర్చుంది. జ్యోతి భుజం మీద చెయ్యి వేస్తే, ఆ చెయ్యి పట్టుకొని వదలలేదు.

అడవిలో ఫోన్లు పలకవు. ఘాట్ దిగి, గాజులపల్లె దగ్గర సిగ్నల్ వచ్చిందో లేదో, అత్త నా ఫోను లాక్కున్నట్టు తీసుకుంది. "గురమ్మ వదినకి కలుపు" అనింది. కలిపి స్పీకర్ పెట్టినా.

"వదినా, క్షేమంగా చేరినారా?" అని గురమ్మ.

మా అత్త ఫోనుని రెండు చేతుల్తో పట్టుకుంది.

"వదినా... నేను గట్టిగానే పట్టుకున్నా వదినా" అనింది.



"తెలుసు వదినా" అనింది గురమ్మ. "బిడ్డ ఏది? ఒకసారి మాట్లాడించండి."