ఓటుకు పెట్టిన ముహూర్తం

ఫిల్మ్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి నేను సెక్రటరీని. సినిమాలకు మాటలు రాస్తాడు కాబట్టి జనాన్ని ఒప్పిస్తాడని ఆ పదవి నాకు అంటగట్టారు. పోలింగ్ రోజంటే మావాళ్ళకు షూటింగ్ లేని రోజు, అంటే నిద్రపోయే రోజు. గత ఎన్నికల్లో మా బూత్‌లో ఓటర్ల కంటే సిబ్బందే ఎక్కువగా కనిపించారు. నాకు తల తీసేసినట్లయింది.

ఈసారి ఉప ఎన్నిక రాగానే లిఫ్టులో నినాదాలు అతికించాను. వాట్సాప్‌లో నీతులు పంపాను. వేలి మీద సిరా చూపిస్తే సెల్లార్‌లో పెసరట్టు ఉప్మా పెడతామని ప్రకటించాను. "సిరా లేనివాళ్ళకి ఉత్త ఉప్మా అయినా పెడతారా?" అని ఒకాయన అడిగాడు.

నా అసలు తలనొప్పి మూడో అంతస్తు నిర్మాత. ఒకసారి ఆయన ఓటేసిన వారమే సినిమా విడుదలై మట్టి కరిచింది. కథ బాగాలేదని ఊరంతా అంది. ఆయన మాత్రం వేలి మీద సిరాయే ముంచిందన్నాడు. ఆ సినిమాకు మాటలు నావే కాబట్టి నేనూ సిరానే తిట్టాను. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఓటు బంద్. ఆయన భార్యకూ బంద్.

ఆవిడ ఒకరోజు లిఫ్టు దగ్గర నన్ను ఆపింది.

"అన్నయ్యగారూ, నేను సినిమాలు తియ్యను కదా, నా వేలేం చేసిందండీ? ఈసారి ఎలాగైనా నాతో ఓటేయించండి."

ఆ అడగడంలో నవ్వు లేదు. నాకు ఆవిడ మీద జాలేసింది, ఆయన మీద ఒళ్ళు మండింది.

ముల్లును ముల్లుతోనే తియ్యాలి. సినిమా ప్రారంభాలకు ముహూర్తాలు పెట్టే పంతులుగారి దగ్గరకు వెళ్ళాను. "నిలబడేవాడి నామినేషన్‌కు పెడుతున్నాను, వేసేవాడి ఓటుకు ఎందుకు పెట్టకూడదు?" అని ఆయనే ఉత్సాహపడి, పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు దివ్యంగా ఉందన్నారు. నిర్మాత వెంటనే ఒప్పుకున్నాడు. ఆ శుక్రవారమే ఆయన కొత్త సినిమా విడుదల, మంచి ఘడియలో పడిన సిరా కలిసొస్తుందని ఆశ మరి.

కబురు ఆయన దగ్గరే ఆగితే బాగుండేది. మంచి ముహూర్తం ఉందంటే ఫిల్మ్ నగర్‌లో ఎవరు వదులుకుంటారు? పొద్దున్నుంచి ఈగలు తోలుకుంటున్న బూత్ మీదికి పదకొండింటికి వీధి వీధంతా పట్టుబట్టల్లో దిగింది. ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు. దాన్ని పోలీసు లాక్కున్నాడు.

క్యూ కదలదు. నిర్మాత చెమటలు కక్కుతూ ముందున్న ఒకామెను బతిమాలాడు. "అమ్మా, ముహూర్తం దాటిపోతోందండీ, కాస్త దారివ్వండి."

"ఏంది సార్, గీడ పెండ్లి అయితుందా? జర లైన్ల నిలవడుర్రి," అందామె.

ముహూర్తం దాటిపోయింది. నిర్మాత మొహం మాడ్చుకుని, "పద, ఇంటికెళ్ళిపోదాం," అన్నాడు భార్యతో.

ఆవిడ కదల్లేదు. "మీరెళ్ళండి. నేను వేసే వస్తాను."

"సినిమా పోతే?"

"పోతే ఇంకోటి తీస్తారు. ఎప్పుడూ చేసేది అదేగా."

నేను పక్కకు తిరిగి నవ్వు దాచుకున్నాను. ఆయన ఇంటికీ వెళ్ళలేదు, క్యూలోనూ లేడు, గేటు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఆవిడ సిరా ఆరకుండా చెరిగిపోతుందేమోనని వేలు పైకెత్తి పట్టుకుని బయటికొచ్చింది. ఆ మొహం చూసి నా కడుపు నిండింది.

ఆయన గొంతు తగ్గించి అడిగాడు, "ఇంతకీ ఎవరికి వేశావు?"

"చెప్పనండీ," అంది ఆవిడ. "మీకు తెలియకుండా నేను చేసిన పని ఇదొక్కటే. నా దగ్గరే ఉండనివ్వండి."