శుక్రవారం కేకు

దయావతి ఇంట్లో ప్రతి శుక్రవారం ఎవరిదో ఒకరి పుట్టినరోజు. సౌదీలోని దమ్మామ్‌లో ఆస్పత్రి డ్యూటీ చేసుకునే నర్సుకు ఇన్ని పుట్టినరోజులేమిటని అడగకండి. క్రైస్తవ కూడికలకు అక్కడ అనుమతి లేదు. బల్ల మీద కేకు, గోడకు బెలూన్లు, వాటి మధ్య చప్పట్లు లేకుండా, గొంతు పైకి రానివ్వకుండా ప్రార్థన. ఎవరైనా తలుపు కొడితే బైబిళ్లు దిండ్ల కిందికి, కేకు ముందుకు. ఈ ఏర్పాటంతా దయావతిదే. నలుగురితో మొదలైన కూడిక ఆమె చేతుల మీదుగానే ఇల్లు పట్టనంత పెరిగింది.

ఆ పెరగడమే ముప్పయింది. చెప్పులు లోపల దాస్తారు గానీ, మెట్ల మీద అడుగుల చప్పుడు దాచలేరు కదా. రెండిళ్లలో కూడుకుందామని, రెండోది వీణ నడుపుతుందని దయావతి ఎన్నోసార్లు అంది. వీణ కూడా నర్సే, మొగుడితో పక్క వీధిలో ఉంటుంది. ఒక్కరైనా కదిలితేగా!

"మీ నోట ప్రార్థన వింటేనే నాకు వారమంతా ధైర్యం, సిస్టరుగారూ. ఆ పిల్ల ఏం చెబుద్దండి?" అనేవాడు లారీ డ్రైవరు ఓబదయ్య.

దయావతి కసిరేది. లోలోపల మాత్రం ఆ మాట తియ్యగానే ఉండేది. నిజం చెప్పొద్దూ, అందుకే సంగతి వారం వారం వాయిదా పడింది.

ఆ శుక్రవారం ఆమె వాక్యం చెబుతోంది. యెరూషలేములో విశ్వాసులు పెరిగి, వడ్డనలో విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైతే, అపొస్తలులు అన్నీ తామే చూస్తామని కూర్చోలేదు, ఏడుగురికి ఆ పని అప్పగించారు అంటోంది. అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు.

తలుపు పక్కనే ఉన్న వీణ లేవలేదు. బైబిళ్లు ఒళ్లోనే ఉండిపోయాయి. అందరి కళ్లూ దయావతి మీదే. ఆమెకూ కేకు గుర్తుకు రాలేదు. పోలీసులు తనను తీసుకుపోతే పోనీ, ఇంతమంది ఉద్యోగాలేం గాను? మళ్లీ బాదారు.

ఎలాగో వెళ్లి తలుపు ఓరగా తీసింది. కింది వాటాలో ఉండే హైదరాబాదు సుల్తానా.

"అక్కా, జుమ్మా జుమ్మాకు మీ ఇంట్ల ఎవరి బర్త్‌డే అని కింద కాపలా హారిస్ అడిగిండు. పిల్లలు మస్తుగున్నరని చెప్పిన. ఇంకోసారి అడిగితే నేనేం చెప్పాలె?" అని, లోపలికి తొంగి కూడా చూడకుండా దిగిపోయింది.

దయావతికి భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. తను లేస్తే తప్ప లేచే మనిషి లేకుండా ఇన్నేళ్లూ పెంచుకొచ్చింది తనే.

"వచ్చే వారం నుంచి సగం మంది వీణ దగ్గరికి. ఇక మాట్లాడకండి," అంది.

మరుసటి శుక్రవారం తన ఇంటి కూడికను భర్త ఫిన్నీకి అప్పగించి, వీణ ఇంటికి వెళ్లింది. చాప ఖాళీగా ఉంది. వీణ మొగుడు డ్యూటీకి వెళ్లాడు.

"ఎవరూ రారక్కా. మీరే చెప్పండి," అని వీణ బైబిలు చేతికివ్వబోయింది.

"నేను వినడానికొచ్చానే," అని దయావతి చాప చివర కూర్చుంది.

వీణ మొదలుపెట్టిందో లేదో, తలుపు చప్పుడైంది. దయావతి లేవబోయి, బలవంతాన ఆగింది. వీణ ఆమె వైపు చూడనే లేదు. బైబిలు దిండు కిందికి తోసి, కేకు పళ్లెం చేత పట్టుకుని వెళ్లి తలుపు తీసింది.

ఎదురుగా ఓబదయ్య, వెనక ఇంకో రెండు కుటుంబాలు.

లోపలికొచ్చిన ఓబదయ్య అలవాటుగా దయావతికి ఎదురుగా కూర్చున్నాడు. కళ్లల్లో తిరిగిన నీళ్లు కొంగుతో తుడుచుకుంటూ, ఆమె అతని భుజం తట్టి వీణ వైపు చూపించింది.