నేల మీద పరిచిన గుడ్డ ముక్కలు

కొత్త పాలిస్టర్ గుడ్డకు ఒక వాసన ఉంటుంది. గంజి, యంత్రాల నూనె, వేడి ఇస్త్రీ మూడూ కలిసిన వాసన. మొన్న సూరత్‌లో అమ్రోలీ దగ్గర కిలోల లెక్కన గుడ్డలమ్మే బండి ముందు నిలబడి, కర్టెన్ల కోసం ఒక మూట విప్పించాను. ఆ వాసన ముక్కుకు తగలగానే సత్తెవ్వ గుర్తొచ్చింది. చేతిలోని గుడ్డ అక్కడే పెట్టేసి, ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను. బండివాడు గుజరాతీలో ఏదో అన్నాడు. అరగంట బేరమాడి ఊరికే వెళ్ళిపోయేవాళ్ళను ఏమంటారో అదే అని ఉంటాడు.

కోసాడ్‌లోని మా ఇంటికి రంగులు వేయించి పదేళ్ళు దాటింది. ప్రతి వానాకాలం చెమ్మ దిగి గోడలు పొక్కిపోయాయి. మా అమ్మాయి శ్రావణి వచ్చే నెల వడోదరలో ఉద్యోగానికి వెళ్తోంది, ఇప్పుడైనా ఇల్లు అందంగా చేసుకోమని అందరూ చెబుతున్నారు. చెప్పడానికేం, నోటికి ఖర్చు లేదు. నాకు మాత్రం ఆ మాట వింటేనే ఒళ్ళంతా అలసట కమ్ముకుంటుంది. ఆ పని నేను ఒకసారి ఎంత ఇష్టంగా, ఎంత తప్పుగా చేశానో పూర్తిగా తెలిసిన మనిషి సత్తెవ్వ ఒక్కతే. ఆమె పోయి రెండేళ్ళయింది.

మేము జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చినవాళ్ళం. మా ఆయన మల్లేశం మరమగ్గాల మీద పన్నెండు గంటల పని చేసేవాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేదాన్ని. మొదట్లో కార్ఖానా వెనక ఒకే గదిలో, మరో జంటతో కలిసి ఉన్నాం. ఒకరు లేచిన చాప మీద మరొకరు పడుకోవడమే. ఆ దుమ్ములో పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. అప్పటికి శ్రావణికి నాలుగేళ్ళు. ఆరు నెలలు అనుకుని ఊళ్ళో మా అమ్మ దగ్గర వదిలి వచ్చాం. ఆరు నెలలు కాస్తా ఐదేళ్ళు అయ్యాయి. మధ్యలో రెండుసార్లు వెళ్ళి చూశాం. చివరిసారి చూసినప్పుడు దానికి ఆరేళ్ళు. ఆ తరువాత సెలవు దొరికితే డబ్బు లేదు, డబ్బు ఉంటే సెలవు లేదు. ఫోనులో మాట్లాడేది. మా అమ్మను అమ్మ అనేది, నన్ను సూరత్ అమ్మ అనేది. ఊరి పేరు పెట్టి పిలిచే అమ్మ చుట్టపు అమ్మే కదా.

అటువంటి రోజుల్లో కోసాడ్‌లో సర్కారు ఇల్లు మా పేరున వచ్చింది. ఒక గది, ఒక వంటగది, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటులేని బాల్కనీ. వేసవి సెలవుల్లో శ్రావణిని తెచ్చుకుని, బడులు తెరవగానే ఇక్కడే చేర్పించాలని నిర్ణయించుకున్నాను. ఇప్పుడు మా దగ్గర నిలవకపోతే ఇంక ఎప్పటికీ నిలవదని నాకు భయం. అందుకే ఇల్లు చూడగానే పిల్ల మురిసిపోవాలనుకున్నాను. చేతిలో ఉన్నది కొంచెమే. ఆశ మాత్రం బోలెడు.

సత్తెవ్వది ఎదురిల్లు. యాభై దాటిన ఒంటరి మనిషి. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. చిన్న కత్తెరకు తాడు కట్టి మెడలో వేసుకునేది. ఆమె చాలా మంచి మనిషి అని నేను చెప్పను, నోరు మహా చెడ్డది. నా కూరలో ఉప్పు దగ్గరి నుంచి మా ఆయన జుట్టు దాకా దేనికీ ఆమె దగ్గర మార్కులు పడలేదు. మేము దిగిన మరునాడే పిలవకుండా లోపలికి వచ్చింది. నేను రంగుల కాగితం పట్టుకుని గోడ ముందు నిలబడి ఉన్నాను.

"ఏంది పిల్లా, అప్పుడే రంగులా? ఎన్ని దినాలైంది వచ్చి?"

"నిన్ననే వచ్చినం."

"మరి ఇల్లు నిన్నింక గుర్తే పట్టలే. జర ఆగు."

వెళ్ళి ఒక మూటెడు చిందీ తెచ్చింది. చిందీ అంటే కార్ఖానాల్లో కత్తిరించి పారేసే గుడ్డ ముక్కలు. బీరువా ఎంతుంటుంది, మంచం ఎంతుంటుంది అని అడిగి, ముక్కలు కలిపి కుట్టి, అచ్చం అంత కొలతకు కత్తిరించి నేల మీద పరిచింది. ఇది బీరువా, ఇది మంచం, ఇది నీ కుట్టు మిషను అంది. ఎనిమిది రోజులు వాటి చుట్టూ తిరగాలట. ఏ గుడ్డను తొక్కుతామో ఆ సామాను అక్కడ ఉండకూడదట. నాకు నవ్వొచ్చింది. "నవ్వకు. పైసలున్నోళ్ళయితే తప్పు కొన్నా ఇంకోటి కొంటరు. మనకు కొనుడు ఒక్కపారే" అని కసిరింది.

మూడో రోజు మల్లేశం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం పట్టుకుని బీరువా గుడ్డ మీద చతికిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే సత్తెవ్వ వచ్చింది. "సత్తెవ్వా, చూడు, నేను బీరువల కూసొని బువ్వ తింటున్న" అని వేళాకోళమాడాడు. ఆమె నవ్వలేదు. "మొన్న గూడ గక్కడనే కూసున్నవ్. నిన్న గూడ. అయితే అది బీరువ జాగ కాదు, నీ జాగ" అంది. బాల్కనీ గాలి నేరుగా వచ్చేది ఆ గోడ దగ్గరికే. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడి వచ్చిన మనిషి తనకు తెలియకుండానే గాలి తగిలే చోటు వెతుక్కున్నాడు. నేను భార్యనై ఉండీ గమనించలేదు. గుడ్డను ఎదుటి గోడకు జరిపాం. తరువాత కొన్న పాత బీరువా ఈ రోజుకీ అక్కడే ఉంది.

అన్నిటికీ గుడ్డలు పరిచిన సత్తెవ్వ, పిల్ల కోసం నేను అనుకున్న మూలకు మాత్రం పరచలేదు. "పిల్ల గుడ్డ పిల్లనే పరుచుకుంటది. రానియ్యి" అంది.

"వచ్చేసరికి అన్నీ తయారుండాలె సత్తెవ్వా. ఖాళీ గోడ చూపెడ్తనా దానికి?"

"పిల్ల ఎంతున్నది?"

నేను అరచేయి నా నడుము దగ్గర పెట్టి చూపించాను. ఆమె ఆ చేతిని కొంతసేపు చూసింది. "ఎందుకైనా మంచిది, మీ అమ్మను ఒకపారి అడుగు" అంది. నాకు చుర్రుమంది. నా పిల్ల ఎంతుందో నాకు తెలియదా అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఊరుకోని మనిషి ఊరుకుందంటే అప్పుడైనా ఆలోచించాల్సింది.

మిగిలిన డబ్బంతా ఆ మూలలోనే పోశాను. గోడకు గులాబీ రంగు వేయించాను. దాని మీద సీతాకోకచిలుకల స్టిక్కర్లు అంటించాను. పాత సామాన్ల బజారులో చిన్న మంచం కొని తెల్ల రంగు పూశాను. గౌన్లు తగిలించుకోవడానికి కిందికి కొక్కేలు, వాటి పక్కన గుండ్రటి అద్దం, బొమ్మల కర్టెన్. తొమ్మిదేళ్ళ పిల్ల వస్తోందని నోటితో అందరికీ చెబుతూనే ఉన్నాను. చేతులు మాత్రం ఆరేళ్ళ పిల్ల కోసం పని చేశాయి.

శ్రావణిని మా తమ్ముడు తీసుకొచ్చాడు. తలుపు తీసేసరికి వాడి వెనక రెండు జడల పిల్ల ఒకతి, గుడ్డ సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. నా భుజం దాకా ఉంది. తోడుగా ఇంకెవరినో తెచ్చాడనుకుని దాని వెనక నా పిల్ల కోసం చూశాను. ఒక్క క్షణమే అనుకోండి. కానీ ఆ క్షణం నాకు తెలుసు, నన్ను చూస్తున్న పిల్లకూ తెలుసు.

లోపలికి వచ్చి గులాబీ గోడను, మంచాన్ని, కర్టెన్‌ను వరుసగా చూసింది. అద్దంలో మొహం చూసుకోవాలంటే మోకాళ్ళు వంచాల్సి వచ్చింది. తరువాత మా తమ్ముడి వైపు తిరిగి, మెల్లగా అడిగింది: "మామా, ఈ ఇంట్ల చిన్న పాప గూడ ఉంటదా?"

మధ్యాహ్నం ఆ మంచం మీద పడుకుంటే పాదాలు బయటికి వచ్చాయి. ముడుచుకుని పడుకుంది. బాగుందా అంటే "మంచిగనే ఉన్నది" అంది, చుట్టాలింట్లో పెట్టింది తిని బాగుందన్నట్టుగా. మూడో రోజు మామ ఎప్పుడు వెళ్తాడని అడిగి, తానూ వెళ్తానంది. మల్లేశం నన్ను వంటగదిలోకి పిలిచి, "ఏడిపించి ఉంచుకునుడెందుకే? ఆదివారం బామ్మర్ది ఎంబడి పంపుదాం" అన్నాడు. నేను అరిచాను, అతనూ అరిచాడు. పిల్ల విననట్టు కూర్చుంది.

ఎదురింటికి వెళ్ళి ఏడ్చాను. ఇంత చేస్తే ఇదా ఫలితం అని పిల్లను కూడా తిట్టాను. సత్తెవ్వ దారాలు కత్తిరించడం ఆపలేదు. ఒళ్ళో చీర తిప్పుకుంటూ చెప్పింది.

"నేను గూడ గిట్లనే చేసిన పద్మా. మావోణ్ణి మా అన్న తాన ఉంచి వచ్చిన. పద్నాలుగేండ్లకు వచ్చిండు ఈడికి. వానికి నేను ఏం కొని పెట్టిన్నో తెల్సా? తాడు కట్టి గుంజుకునే బొమ్మ కారు. వాడు నవ్విండు. మూడు దినాలుండి పోయిండు. మల్ల రాలే."

"మరి నాకు ముందే చెప్తే ఏమాయె?"

"చెప్పిన గద, అడుగుమని. నీ చెయ్యి నడుం కాడ్నే ఆగింది. గప్పుడు నేనేం చెప్పినా నీకు ఎక్కదు." కత్తెర మెడలో వేసుకుని లేచింది. "మావాడు పోయిండు. నీ బిడ్డ ఇంక ఇంట్లనే ఉన్నది. నడు."

మా ఇంటికి వచ్చి శ్రావణి ఎదురుగా చిందీ మూట దించింది. ఉండమని గాని, వెళ్ళొద్దని గాని అనలేదు. "పిల్లా, నీకు కొలుచుడు వస్తదా?" అంది. బడిలో నేర్పారంది పిల్ల. "అయితే పండుకో, నువ్వెంతున్నవో చూద్దాం." పిల్ల నేల మీద కాళ్ళు బార్లా చాపి పడుకుంది. వచ్చాక ఒళ్ళు పూర్తిగా చాపడం అదే మొదటిసారి. సత్తెవ్వ చుట్టూ సుద్దతో గీసింది. ఇద్దరూ కలిసి అంత గుడ్డ కుట్టారు. "ఇగో, ఇది నీ జాగ. ఏడ బుద్ధయితే ఆడ పరువు."

శ్రావణి ఆ గుడ్డను రెండు చేతుల మీద వేసుకుని ఇల్లంతా తిరిగింది. గులాబీ గోడ కింద పరిచి తీసేసింది. బాల్కనీ దగ్గర పరిచి, అది నాన్న కూర్చునే చోటని తీసేసింది. మూడు రోజుల్లోనే అది నాన్న చోటని కనిపెట్టింది! చివరికి వంటగది గడప ముందు, అడ్డంగా పరిచింది. నేను రోజుకు వందసార్లు నడిచే దారి అది.

"అక్కడ తొక్కుతం బిడ్డా" అన్నాను. సత్తెవ్వ నన్ను కళ్ళతోనే ఆపి, పిల్లను అడిగింది, "అక్కడనే ఎందుకు?"

"అమ్మ వంట చేస్తుంటే నేను గిట్లనే పండుకుంట. గిన్నెల చప్పుడు వినొస్తది."

అమ్మ అంటే మా అమ్మ. ఎందుకు అబద్ధం చెప్పాలి, ఆ నిమిషంలో నా కన్నతల్లి మీద నాకు అసూయ కలిగింది. సత్తెవ్వ ఆ గుడ్డను, నన్ను మార్చి మార్చి చూసింది. తొక్కే చోట సామాను పెట్టొద్దని అందరికీ చెప్పే మనిషి, "తొక్కకుండ దాటుతం తియ్యి" అంది. ఆమె తన పద్ధతి తప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను గుడ్డను దాటి లోపలికి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టాను. తిరిగి చూస్తే శ్రావణి వంటగది వైపు మొహం పెట్టి పడుకుని ఉంది. సంచిలోంచి మా అమ్మ పాత నూలు చీర తీసి కప్పుకుంది. ఆదివారం మా తమ్ముడు బయలుదేరుతుంటే, "ఇంకో వారం చూస్త మామా" అంది, ఇల్లు నచ్చితే ఉంటాననే కిరాయిదారులా. ఆ వారం మరో వారమైంది. బడులు తెరిచారు. చిన్న మంచాన్ని మాకు అమ్మినవాడికే సగానికి సగం తక్కువకు ఇచ్చేశాం. కొక్కేలు పీకితే గోడకు గుంతలు పడ్డాయి. మళ్ళీ రంగు వేయించడానికి డబ్బు లేక ఆ గోడ అలాగే ఉండిపోయింది. పేరులోంచి సూరత్ ఎప్పుడు పోయి ఉత్త అమ్మనయ్యానో నాకు తెలియదు. ఎదురుచూసి, ఎదురుచూసి, అలసిపోయి మానేశాక ఎప్పుడో.

మోకాళ్ళ నొప్పులకు మెట్లు ఎక్కలేక సత్తెవ్వ కామ్‌రేజ్‌లో ఉన్న మేనల్లుడి ఇంటికి వెళ్ళిపోయింది. పండుగలకు పోయి చూసి వచ్చేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా నా చీర రంగు బాగాలేదనేది. ఒక ఉదయం టీ పెట్టుకుందామని లేచి, అలాగే కూలబడి పోయిందట. దహనానికి కొడుకు రాలేదు, ఫోనులో మాత్రం మాట్లాడాడు. మేము ముగ్గురం వెళ్ళాం. శ్రావణి నాకన్నా ఎక్కువ ఏడ్చింది.

ఆమె నాకు ఇల్లు సర్దుకోవడం నేర్పిందని చుట్టుపక్కలవాళ్ళు అంటారు. నిజమే, కొత్తగా దిగినవాళ్ళకు నేనూ చిందీ పరిచి చూపిస్తాను. కానీ ఆమె నేర్పింది అది కాదు. మన మనుషులు మనం వదిలిన చోట, వదిలిన వయసులో ఆగి ఉండరు. వాళ్ళు వచ్చినప్పుడు ఎవరొచ్చారో చూడాలి. ఇంత చిన్న సంగతి తెలియడానికి నాకు ఐదేళ్ళు, ఒక మంచం పట్టాయి. ఆ ఐదేళ్ళు ఎవరూ తిరిగి ఇవ్వరు. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతిలో పని పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుంటాను.

నిన్న సాయంత్రం శ్రావణి వడోదరకు బట్టలు సర్దుకుంటూ, తాను పడుకునే చోటు చూపించి, "అమ్మా, నేను పోయినంక గీడ సోఫా వేసుకో. మస్త్ లగేగా, మంచిగ కనిపిస్తది" అంది. ఎప్పుడో నేను సోఫా మీద ఆశపడ్డ సంగతి దానికి గుర్తుంది.

"ఏం వెయ్య" అన్నాను.

"ఖాళీగ ఉంచుతవా? ఎందుకు?"

"నువ్వు మల్ల వచ్చేటాల్లకు ఎట్లుంటవో నాకు తెల్వదు బిడ్డా. వచ్చినంక నువ్వే చెప్పు."

ఏదో వెటకారం చేస్తుందనుకున్నాను. చేయలేదు. మడతపెడుతున్న చున్నీని పెట్టె మీద పడేసి, వచ్చి నా పక్కన కూర్చుంది.