చీకటి గదిలో నా సాక్ష్యం

మనిషికి తన గొంతే శత్రువవుతుందని ఎవరైనా అంటే నేను నవ్వేవాణ్ణి. మొన్న శనివారం నుంచి నవ్వడం మానేశాను. విశాఖపట్నంలో ఒక చీకటి గదిలో మా మనవరాలి సంబంధాన్ని నా నోటితో నేనే తెగ్గొట్టబోయాను! మీరు టీ తాగుతూ వినండి. నాకు మాత్రం వద్దు. ఇప్పటికీ గుండె దడ తగ్గలేదు.

మా మనవరాలు షారోన్ విశాఖలో నర్సు. అక్కడి చర్చిలో యువజన కూటాలకి వెళ్తుంటే ప్రవీణ్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. ఇద్దరికీ ఇష్టమే. మా అబ్బాయీ కోడలూ ముందే వెళ్ళి మాట్లాడి వచ్చారు. ఇక ఇంటి పెద్దగా నేను వెళ్ళి కుర్రాడి తండ్రి జయరాజుగారితో ఓ పూట గడపాలి. "సాయంత్రం మీరు బస్సెక్కేలోగా మా మాట చెప్పేస్తాం" అని ఆయన ఫోనులో అన్నారు. అంటే ఆ ఒక్క రోజు నేను బుద్ధిగా ఉంటే చాలు.

ఉన్నానా?

పొద్దున్నే శ్రీకాకుళం పక్కన మా అరసవల్లిలో ఆటో ఎక్కుతుండగానే షారోన్ ఫోను.

"తాతా, ఈ ఒక్క పూటా నోరు కట్టీసుకో. అడిగిందే సెప్పు. అడగనిది సెప్పకు."

"నేనేటి సెప్తానే?"

"బస్సు కండక్టరుక్కూడా నాగావళి వరదల గురించి సెప్తావు నువ్వు."

అది నిజమే. ఆ రోజూ చెప్పాను. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన వాణ్ణి, వరదలంటే నాకు చుట్టాల్లాంటివి. ఒకసారి నది పొంగినప్పుడు మా ఇంజనీరుగారు బల్ల మీదికెక్కి... సరే, అది ఇంకోసారి చెప్తాను.

జయరాజుగారు మంచి మనిషి. గుమ్మం దాకా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. వంజరం చేపల పులుసుతో భోజనం పెట్టారు. ఆ పులుసు కోసమైనా సంబంధం కలుపుకోవచ్చు. అంతా బాగుంది. చేతులు కడుక్కున్నాక మాత్రం, "ఒక కీర్తన పాడుకుందామా పెద్దయ్యగారూ?" అన్నారు.

ఆ మాట వినగానే ఆయన భార్య గిన్నెలు తీసుకుని వంటింట్లోకి నడిచింది. ప్రవీణ్‌కి ఫోనొచ్చింది. మోగకుండానే! జయరాజుగారు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నారు. ఏం చెప్పమంటారు! ఎత్తుకున్న శ్రుతి ఒకటి, నడిచింది ఇంకొకటి, దిగిందెక్కడో ఆ దేవుడికే తెలియాలి. గుమ్మంలో పడుకున్న కుక్క లేచి, నావైపు జాలిగా ఓ చూపు చూసి, గేటు దాటి వెళ్ళిపోయింది. పాట అయ్యాక ఆయన కళ్ళు తెరిచి, "పెళ్ళంటూ కుదిరితే ఆ రోజు నేనే పాడతానండీ. ఒక్క చరణం వదలను" అన్నారు.

నేను నవ్వాను. నోరు మాత్రం విప్పలేదు. చూశారా, ఎంత జాగ్రత్తగా ఉన్నానో!

"సాయంత్రం దాకా ఇంట్లో ఏం కూర్చుంటాం తాతగారూ, ఆర్ట్ గ్యాలరీకి వెళ్దాం. షారోన్ కూడా డ్యూటీ దిగి అక్కడికే వస్తుంది" అన్నాడు ప్రవీణ్. ఆర్ట్ గ్యాలరీ అంటే గోడలకి పటాలుంటాయనుకున్నాను. నేను బి.ఏ. చదివే రోజుల్లో మా కాలేజీలో అలాంటిదే పెట్టారు. మా హిస్టరీ లెక్చరరుగారు ఒకదాని ముందు చాలాసేపు నిలబడి, "వెలుగునీడలు బాగా పడ్డాయి" అని మెచ్చుకున్నారు. తీరా చూస్తే అది కిటికీ.

"అలాంటిది కాదు తాతగారూ. ఇది ఇమ్మర్సివ్. మనమే బొమ్మ లోపలికి వెళ్తాం" అన్నాడు.

బొమ్మలోకి వెళ్ళి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కానీ అడగనిది చెప్పకూడదు కదా, ఊరుకున్నాను.

బీచ్ రోడ్డుకి వెనక సందులో, తుఫానుకి కొమ్మలు పోయి మళ్ళీ చిగుళ్ళు వేస్తున్న వేపచెట్టు పక్కన పాత మేడ అది. చెప్పులు బయటే విప్పించారు. మొదటి గదిలో నాలుగు గోడల మీదా, నేల మీదా సముద్రమే. అల వచ్చి నా పాదాల మీద పడేసరికి గబుక్కున ప్యాంటు పైకి మడిచాను. అప్పుడే వచ్చిన షారోన్ చూసి, "తాతా, అది లైటు!" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. రెండో గది నిండా అద్దాలు. ఎటు చూసినా నేనే. జయరాజుగారు మాత్రం ఆ అద్దాల మధ్య ఫోను పట్టుకుని తన ఫోటోలు తానే తీసుకుంటూ అక్కడే ఉండిపోయారు. పిల్లలిద్దరూ ముందుకు వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణీ మూడో చోటికి వచ్చాను.

పాతకాలం ఎస్.టి.డి. బూత్ అంత గది. నల్ల తెర. ఒక్కొక్కరే వెళ్ళాలి. లోపల పైనుంచి వేలాడుతూ ఒక మైకు. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలతో "మీరు ఎవరికీ చెప్పని మాట ఇక్కడ చెప్పండి" అని ఉంది. దాని కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో ఇంకేదో రాసి ఉంది. ఆ వెలుతురులో నా కళ్ళజోడుకి అది ఆనలేదు.

ఇక్కడ మా చర్చి సంగతి కొంచెం చెప్పాలి. ఆదివారం ఆరాధనలో ఎవరి మనసులోనైనా ఏదైనా ఉంటే లేచి మైకు దగ్గరికి వెళ్ళి చెప్పుకుంటారు. దాన్నే సాక్ష్యం అంటాం. దానికో పద్ధతుంది. ముందు మైకు తట్టి చూసుకోవాలి. వందనాలు చెప్పాలి. పేరూ ఊరూ చెప్పాలి. పేరు చెప్పకుండా మాట్లాడితే అది సాక్ష్యం కాదు, చాడీ అనేవారు మా పాత పాస్టరుగారు. ఆ తర్వాత మనసులో ఉన్నది దాచుకోకుండా చెప్పాలి. చివర చిన్న ప్రార్థన. చిన్నప్పటినుంచీ ఇదే అలవాటు. మైకు కనబడితే నా చెయ్యి దానంతటదే లేస్తుంది.

లేచింది. తట్టాను.

"హలో... హలో... మైక్ టెస్టింగ్. అందరికీ వందనాలు. నా పేరు ఆశీర్వాదం. మాది శ్రీకాకుళం. ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. ఈరోజు మా మనవరాలి సంబంధం గురించి వచ్చాను. కుర్రాడు బంగారం. పులుసు అమోఘం. కానీ ఆ కుర్రాడి తండ్రి జయరాజుగారి పాట విన్నాను. ఆ శ్రుతి ఈ లోకానిది కాదు. వీధికుక్కే తట్టుకోలేక వెళ్ళిపోయింది. పెళ్ళిలో కూడా పాడతానంటున్నారు. ప్రభువా, ఆ రోజు ఆయన గొంతుకి కాస్త జలుబు చేసేలా కనికరించు. ఆమేన్."

ఎంత హాయిగా ఉందో! పొద్దున్నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారి దిగిపోయింది. తెర తీసుకుని బయటికి వచ్చాను. అక్కడ నిలబడ్డ గ్యాలరీ అమ్మాయి నవ్వుతూ, "థాంక్యూ అంకుల్! మీ వాయిస్ సూపర్ క్లియర్‌గా వచ్చింది" అంది.

"ఎక్కడికొచ్చిందమ్మా?"

"పక్కన డోమ్‌లోకి. ఇక్కడ మాట్లాడినవన్నీ అక్కడ పైనుంచి వరసగా ప్లే అవుతాయి. కింద ఇంగ్లీషులో రాశాం కదా! మీది కూడా కాసేపట్లో వచ్చేస్తుంది."

నా కాళ్ళ కింద నేల కదిలింది. ఈసారి అది లైటు కాదు.

"తీసెయ్యమ్మా! నీకు పుణ్యముంటుంది, తీసెయ్!"

"అది నా చేతిలో లేదంకుల్, అంతా కంప్యూటరే చూసుకుంటుంది. అయినా మీకెందుకు టెన్షన్? ఎవరు మాట్లాడారో ఎవరికీ తెలీదు. ఇక్కడ ఎవరూ పేరు చెప్పరు కదా!"

ఎవరూ చెప్పరట!

అంతలో అద్దాల గదిలోంచి జయరాజుగారు వచ్చారు. నేను డోమ్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "జయరాజుగారూ, అలా బయటికెళ్ళి గాలి పీల్చుకుందామా? నాగావళి వరదల గురించి మీకు చెప్పాలి" అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషి నా కథ పూర్తిగా వినాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. "లోపల ఏసీ ఉందట పెద్దయ్యగారూ, కూర్చుని చెప్పుకుందాం రండి" అని నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించారు.

గుండ్రటి గది. చీకటి. పైన సన్నగా చుక్కల్లా లైట్లు. కింద పరుపుల మీద కొందరు వెల్లకిలా పడుకున్నారు. షారోన్, ప్రవీణ్ ఓ మూల కూర్చుని ఉన్నారు. కప్పులోంచి గొంతులు రాలుతున్నాయి. ఒక పిల్ల, "మా లెక్కల టీచరంటే నాకు భయం" అంది. ఒకావిడ, "మా అమ్మ పెట్టే ఆవకాయకంటే మా అత్తగారిదే బాగుంటుంది, మా అమ్మకి చెప్పకండి" అంది. జయరాజుగారు పకపకా నవ్వారు. నేను మెల్లగా అందరి మధ్యలోంచి పాకి స్పీకరు వైరు ఎక్కడైనా దొరుకుతుందేమోనని గోడ తడిమాను. ఎవరిదో కాలు దొరికింది.

"ఏటి తాతా, ఏటి ఎతుకుతన్నావు?" అంది షారోన్ గుసగుసగా.

జవాబు చెప్పేలోగా పైనుంచి టక్, టక్. "హలో... హలో... మైక్ టెస్టింగ్."

ఇక ఆలోచించే టైము లేదు. ఒక్క గెంతులో వెళ్ళి జయరాజుగారి చెయ్యి పట్టుకున్నాను.

"ఒక కీర్తన పాడండి!"

"ఇక్కడా?"

"ఇక్కడే! ఇలాంటి గదిలో మీ గొంతు వినాలి! ఎత్తుకోండి!"

"ఏది పాడమంటారు?"

"ఏదైనా సరే!"

ఆయన తీరిగ్గా గొంతు సవరించుకుంటున్నారు. పైన "నా పేరు ఆశీర్వాదం" అని వినబడింది.

"అరే, మీ పేరులాగే ఉందే?"

"మా వైపు ఇంటికొకడుంటాడండీ! మీరు పాడండి!"

ఎత్తుకున్నారు. ఆ గుండ్రటి గదిలో ఆ గొంతు గోడకి కొట్టుకుని, కప్పుకి కొట్టుకుని, రెట్టింపై తిరిగొచ్చింది. పడుకున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మనిషన్నాక ఊపిరి తీసుకోవాలి కదా! ఆయన ఆగిన ప్రతిసారీ ఆ సందులోంచి నా మాటలు తొంగిచూస్తున్నాయి. "...ఆ శ్రుతి ఈ లోకాని..." అని పైనుంచి రాగానే, నేను "హల్లెలూయ!" అని గావుకేక పెట్టాను. మాది బాప్టిస్టు సంఘం. మేం అరిచే రకం కాదు, గొంతులోనే "ఆమేన్" అనుకునే రకం. నా జన్మలో నేనెప్పుడూ అలా అరవలేదు. మళ్ళీ ఆయన ఊపిరి, మళ్ళీ పైనుంచి "...వీధికుక్కే..." మళ్ళీ నా "హల్లెలూయ!" మూలనుంచి ఒక కుర్రాడు ఇది షోలో భాగమనుకుని చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ అందుకున్నారు. గ్యాలరీ అమ్మాయి తలుపు తీసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చివరి మాట సాగదీసి ఆయన పాట ముగించారు. చప్పట్లు ఆగాయి. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో పైనుంచి, నిదానంగా, గంభీరంగా ఒక గొంతు వినిపించింది.

"...ఆమేన్."

జయరాజుగారు కొయ్యబారిపోయారు. తలెత్తి కప్పు వైపు చూశారు. చుక్కల వెలుతురులో ఆయన కళ్ళు తడిగా కనిపించాయి.

"విన్నారా? పైనుంచి ఎవరో ఆమేన్ అన్నారు!"

"విన్నానండీ" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా పాట మధ్యలో లేచి వెళ్ళిపోయినవాళ్ళే గానీ పాడమని అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరూ లేరు మావయ్యా. మా ఇంట్లోవాళ్ళయితే సరేసరి" అన్నారు.

మావయ్యా! పొద్దున్నుంచీ పెద్దయ్యగారూ అన్న మనిషి నోట ఆ మాట వచ్చేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. సంబంధం కుదిరినట్టే. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ ఆయనే స్పష్టంగా అనేశారు కూడా. "మీ పిల్ల మా పిల్లే."

బస్టాండుకి షారోన్ నన్ను ఆటోలో దింపింది. దారంతా రోడ్డు వైపు తిరిగి, చున్నీతో నోరు మూసుకుని కూర్చుంది. నాకు అనుమానం వచ్చింది.

"ఇన్నావేటే?"

"స్పీకరు సరీగ్గా నా నెత్తి మీదే ఉన్నాది తాతా. ఊరు, పేరు, ఆఫీసు... ఆధార్ నంబరొక్కటే మిగిలింది."

"మరి ప్రవీణో?"

"నోట్లో కర్చీఫ్ కుక్కుకున్నాడు. మీ తాతగారికి దండం పెట్టానని సెప్పమన్నాడు. ఆ మాట అనడానికి ఆళ్ళింట్లో ఎవరికీ దైర్యం లేదట."

అప్పుడు తీరింది నా దిగులు. కానీ ఎంతసేపు? బస్సు విజయనగరం దాటకముందే జయరాజుగారి ఫోను. నిశ్చితార్థానికి రెండు కీర్తనలు, పెళ్ళికి నాలుగు అనుకున్నారట. పైనుంచి అంగీకారం వచ్చాక ఇక వెనక్కి తగ్గేది లేదట.

"ఒక్కటే కోరిక మావయ్యా. మీరు నా పక్కనే నిలబడి, మధ్యమధ్యలో ఆ హల్లెలూయ అనాలి. ఆ ఊపు మా సంఘంలో ఎవరికీ రాదు."

ఏం చెయ్యను, ఒప్పుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే డాబా ఎక్కి హల్లెలూయ ప్రాక్టీసు చేస్తున్నాను. నేను మెట్లెక్కే చప్పుడు వినగానే పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు.