మొగులుకు రుజువు అడిగిన రోజు

కదలకుండా కూర్చుని ఒక కల్లాన్ని వానలో ముంచడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఈ విద్యలో నన్ను మించినవారు మరిపెడ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు.

అప్పుడు జనగామలో డిగ్రీ చదువుతున్నాను. తరగతిలో కంటే చర్చావేదికల మీద ఎక్కువ కనిపించేదాన్ని. ఎవరైనా తుమ్ము విని ప్రయాణం ఆపుకుంటే చాలు, "ఆధారమేమిటి?" అని మీద పడేదాన్ని. పిల్లి ఎదురొస్తే పట్టుబట్టి దాని వెంటే నడిచేదాన్ని. చివరికి పిల్లే జడిసి దారి మార్చుకునేది.

మార్చిలో మరిపెడ దగ్గర అక్కావాళ్ల ఊరు వెళ్లాను. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. పక్క కల్లం లచ్చవ్వది. ఎకరం కౌలుకు తీసుకుని ఆ ముసలమ్మ ఒంటరిగా పండించిన కాయ అదంతా. ఆమె ఏడాది బతుకు నేల మీద ఎర్రగా పరుచుకుని ఉంది. తడిస్తే రంగు పోయి తెల్లబడుతుంది. దాన్ని తాలు అంటారు. మార్కెట్లో దాని మొహం చూసేవాడుండడు. అందుకే రెండు కల్లాలకూ కలిపి టార్పాలిన్ పరదాలు మడిచి ఒకచోట పెట్టారు. మెత్తగా ఉన్నాయి కదాని వాటి మీద నేను కూర్చున్నాను. పుస్తకంతో సహా.

మధ్యాహ్నం లచ్చవ్వ ఒక్క కేక పెట్టింది. "మొగులైంది! పరదాలు వట్టుండ్రి!"

మొగులంటే వానమబ్బు. నా నడినెత్తినేమో ఎండ కాలుస్తోంది. ఫోన్ తీసి వాతావరణం చూశాను. అందులో సూర్యుడు పళ్లికిలిస్తున్నాడు.

"ఎక్కడైంది అవ్వా మొగులు?"

"గటు పడమర దిక్కు జూడు బిడ్డా. మసక వట్టలే?"

"ఇప్పుడే మొగులన్నావు, ఇప్పుడు మసకంటున్నావు. రెండింట్లో ఏది?"

"మసక ముదిరితె మబ్బయితది. మబ్బు ముదిరితె మొగులైతది. జర లెవ్వు, పరదా ఇయ్యి."

"ముదరడానికి అదేమన్నా బెండకాయా? సరే, ఎంత ముదిరితే వాన పడుతుంది?"

"పడ్డంక ఎరుకైతది!"

దొరికిపోయింది! "అంటే పడేదాకా నీకూ తెలియదు. ఇది ఊహ అవ్వా, జ్ఞానం కాదు. ఊహకు భయపడి నేనెందుకు లేవాలి?"

లచ్చవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గీమెకేమైంది? ఎండదెబ్బ తాకిందా?"

ఇంతలో బావ లుంగీ ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. "మరదలా, లెవ్వు లెవ్వు!"

"ముందు రుజువు చూపించాలి బావా."

"రుజువు నెత్తి మీద వడ్తది, లెవ్వు!"

"ఫోన్‌లో ఎండ ఉంది."

"అయితె పొయ్యి ఫోన్‌ల ఎండబోసుకో! గీడ మొగులైంది!"

నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ కల్లాల్లో "మొగులైంది" అంటే వాతావరణ వార్త కాదు, పిలుపు. ఎవరు కేకేసినా, కాయ ఎవరిదైనా, విన్నవాళ్లు తింటున్న కంచం వదిలి వచ్చి పరదా మూల పట్టాల్సిందే. వాన రాకపోతే నవ్వుకుని మళ్లీ పరదా తీసేస్తారు. ఎందుకు పిలిచావని ఎవరూ అడగరు. అప్పటికే చేలల్లోంచి అయిదారుగురు ఉరికొచ్చి, చేతులు చాచి నా ముందు నిలబడ్డారు, పరదాల కోసం. నేను మాత్రం సభ నిండిందనుకున్నాను.

ఇక కూర్చోవడం మర్యాద కాదని పరదాల మీదే లేచి నిలబడ్డాను. "మిత్రులారా, ప్రశ్నించడం..."

ఈదురుగాలి కొట్టింది. నా ముక్కు మీద పప్పుగుత్తంత చినుకు పడింది. బావ పరదా లాగాడు. నేను కాయల్లో వెల్లకిలా పడ్డాను. అందరూ నన్ను దాటుకుంటూ పరుగెత్తారు. దగ్గరున్నది ముందు కప్పాలన్నది అక్కడి పద్ధతి. దగ్గరున్నది మా బావ కల్లం. దాని మూల పట్టింది ఎవరో తెలుసా? లచ్చవ్వే. తన కల్లానికి వెళ్లేసరికి సగం కాయ తడిసిపోయింది.

పడమరకు తల తిప్పమని ఆమె అడిగింది. నేను ఫోన్ చూశాను. కళ్లెదుట ఉన్నదాన్ని చూడనని మొండికేసింది ఆమె కాదు, నేను. నా ఇన్నాళ్ల హేతువాదం మెడ తిప్పడానికి పనికిరాలేదు!

లచ్చవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపట్నుంచి తాలు ఏరుదువు గని రా," అంది, అంతే.

తొమ్మిది రోజులు ఏరాను. తుమ్మి తుమ్మి ముక్కు మిరపకాయైంది. నాలుగో రోజు మరిచిపోయి అదే చేత్తో కళ్లు తుడుచుకుని కల్లం చుట్టూ గంతులేశాను. చూడ్డానికి వచ్చినవాళ్లకు బావ నన్ను పరిచయం చేశాడు: "మా మరదలు. మొగులును ఇంటర్వ్యూ జేసింది."

అందుచేత ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మూఢనమ్మకాలతో నా పోరు ఊపిరున్నంతవరకూ ఆగదు. కానీ ఆకాశం గురించి ఎవరు ఏ కేక పెట్టినా ముందు ఒక మూల పట్టుకుంటాను. రుజువు కావాలనిపిస్తే, రెండో మూల పట్టినవాళ్లను అడుగుతాను. అదీ పరదా కప్పేశాకే.