తరవాణి కుండ, ఇత్తడి బిందె

తరవాణిని ఇత్తడి బిందెలో పోసింది నేనేనని అప్పయమ్మకు తెలుసా? యాభై ఏళ్లయింది. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మా వెనక వసారాలో ఉండేది ఆవిడ. రైలింజన్లో బొగ్గేసే ఫైర్‌మన్ భర్త పోయాక, చీపురుపల్లి నుంచి తెచ్చుకున్న మట్టికుండే ఆమెను పోషించింది. అందులో గంజి పోసి పులియబెట్టేది. ఆ పుల్లనీళ్లే తరవాణి. వండిన అన్నం అందులో వేస్తే మే నెల ఎండలో కూడా మర్నాటికి పాడయ్యేది కాదు. లోకో షెడ్డులో డ్యూటీ దిగినవాళ్లు గేటు దగ్గర ఆ అన్నం ఉల్లిపాయతో తిని ఇళ్లకు పోయేవారు. తడి చేత్తో కుండను ముట్టనిచ్చేది కాదు. పైన బూజు కనిపిస్తే మొత్తం పారబోసేది.

మా ఆయన అన్నగారు, మా బావగారు త్రినాథరావు గూడ్సు ఆఫీసులో హెడ్ క్లర్కు. సీసాలో వచ్చిన వెనిగర్ ఆయనకు నాగరికత, కుండలో పులిసిన గంజి మోటుతనం. ఆయన రుచి చూసేది నాలుకతో కాదు, సీసా మీది కాగితంతో.

కలరా వచ్చిన ఏడు, డాక్టరు దొర క్వార్టర్లు చూడటానికి వస్తున్నాడన్నారు. ఆ రోజు అప్పయమ్మ పక్క స్టేషను గతౌరాలో చుట్టాలింటికి వెళ్లింది.

"ఆ కుండ దొర కంటబడితే నా పరువేటి కావాలి? బిందెలో పోసి కుండ దాచెయ్యమ్మా" అన్నారు బావగారు.

బిందె బయటంతా తళతళే. లోపలి కళాయి ఎప్పుడో పోయింది, పులుపు తగిలితే చిలుము దిగుతుంది. అది నాకు తెలుసు. కొత్తకోడలిని, పోశాను. దొర మా గుమ్మం కూడా ఎక్కకుండా టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం గుట్టుగా తిరిగి కుండలోకి ఒంపేశాను.

రాత్రికి తిరిగొచ్చిన అప్పయమ్మ ఎప్పట్లాగే అందులో అన్నం వేసింది. మర్నాడు షెడ్డు గేటు దగ్గర అది తిన్న నలుగురికి వాంతులు. ప్రాణాలు పోలేదు, అదే నయం.

"పులిసిన నీళ్లు విషం కాకేటి! అచ్ఛా, ఇక గేటు తొక్కావో చూడు" అని అప్పయమ్మ మీద అందరికంటే ముందు అరిచింది బావగారే. షెడ్డు ఫోర్‌మన్‌కు అర్జీ రాసిందీ ఆయనే.

"పదేళ్ల కుండ బావూ. ఒక్కడికి కడుపు నొచ్చిందేటి?" అంది అప్పయమ్మ.

"నువ్వేటి, పెద్ద డాక్టరువా?"

ఆమె కుండ మీదకు వంగి వాసన చూసింది.

"ఇత్తడి కంపు. పులుపు ఇత్తడిలో ఎవులు పోసినారు?"

బావగారు పేపరు తిరగేశారు. నేను చేటలో తలొంచుకుని బియ్యంలో లేని రాళ్లు ఏరాను.

మర్నాడు ఆమెను గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. వచ్చి, కుండను కాలవలో ఒంపేసింది. మా బిందె లోపలి పచ్చటి చిలుమంతా చింతపండు పెట్టి తోమి, వంటింటి గుమ్మంలో బోర్లించింది. ఖాళీ కుండ నెత్తికెత్తుకుని గతౌరా దారి పట్టింది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. నాతో వెళ్లొస్తానని కూడా అనలేదావిడ.